చికాలా ఎడమ తలుపు

భయం కాదు, భయమైతే అరచేతులు చెమర్చాలి, ఇవి పొడిగానే ఉన్నాయి. ఇది మరేదో, పన్ను ఊడిన చోటికి నాలుక మళ్లీ మళ్లీ పోయినట్టు చూపు ఆ తలుపు దగ్గరికే పోవడం. తలుపంటే తలుపే. లోపలివైపు రంగు వెయ్యకుండా వదిలేసిన రేకు, దాని మీద సుత్తి దెబ్బల చిన్న చిన్న నొక్కులు, ఆ నొక్కుల్లో పొద్దుటి ఎండ. దానికి ఆనుకుని స్టీరింగ్ పట్టుకున్న మనిషి మోచేయి. ఆ మోచేతి కిందే దేశ రహస్యం ఉందనుకోగానే తేజేశ్వర్‌కు ఎప్పటిలాగే కొంచెం సిగ్గేసింది. ఇరవై రెండేళ్లుగా దేశం కోసం పనిచేస్తున్నాడు గానీ ఆ మాటను మనసులో కూడా గట్టిగా అనుకోలేడు. ఎవరైనా వింటారేమోనన్న అలవాటు లోపలికి కూడా పాకిపోయింది.

"సంతకం పెడతారా, సర్వేయర్?" స్టీరింగ్ ముందున్న డారియో ఇంగ్లీషులో అడిగాడు. "బండి బాగుంది కదా?"

"నంద్యాల దాకా చూస్తాను. రోడ్ టెస్ట్ యాభై కిలోమీటర్లు. రూల్."

డారియో నవ్వాడు. రూల్స్ మాట్లాడే మనుషులంటే అతనికి భయం లేదు. తేజేశ్వర్ ఇన్సూరెన్స్ సర్వేయర్ వేషం వేసుకున్నది అందుకే. సొట్టలు కొలిచేవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు.

1957లో ఇటలీలో తయారైన చికాలా కూపే అది. చికాలా అంటే కీచురాయి అట. ఇంజన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటితే ఆ పేరెందుకో చెవులకు తెలుస్తుంది. మొత్తం బరువు ఐదు వందల ముప్పై కిలోలు. సన్నటి ఇనుప గొట్టాల గూడు, దాని మీద చేత్తో సాగదీసిన అల్యూమినియం రేకు, హెల్మెట్లు తగలకుండా పైకప్పులో రెండు బుడిపెలు. బరువు తగ్గాలని పెడళ్లకు కూడా రంధ్రాలు వేశారు. డారియో తండ్రి దీన్ని కొండదారి రేసుల్లో నడిపి ఒక ఏడు గెలిచాడు, మరుసటి ఏడు కాలు పోగొట్టుకున్నాడు. తరవాత నలభై ఏళ్లు పాకలో పడి ఉన్న దాన్ని కొడుకు మళ్లీ నిలబెట్టాడు. పరుగుకు అక్కర్లేనిదంతా తీసేసిన వస్తువు. దాన్ని చూస్తే తేజేశ్వర్‌కు తన సర్వీసు రికార్డు చూస్తున్నట్టుంది. ఇల్లు లేదు, స్నేహితులు లేరు, రాయచోటి మా ఊరని ఎవరికీ చెప్పుకోలేదు. మనిషి చాలా తేలిక. ఏదైనా తగిలితే ఎంత సొట్ట పడుతుందో మాత్రం ఎవరూ కొలవలేదు.

వారం కింద కర్నూలులో, బళ్లారి చౌరస్తా దగ్గర ఒక లాడ్జి గదిలో, చీఫ్ కేశవయ్య మజ్జిగ తాగుతూ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"రేకు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. క్షిపణి ముక్కుకు తొడిగేది. బయట రెండు వేల డిగ్రీలున్నా లోపలికి వేడి దిగదు. ఒక ల్యాబ్ నుంచి తుక్కు లారీలో బయటికి పోయింది. పంపినవాడు దొరికాడు. కొన్నది డారియో ముఠా."

"ఫార్ములా పోలేదా?"

"ఫార్ములా అయితే మెయిల్లో పోయేది. ఇది కొలిమి పని. ముక్క చేతిలో లేకుండా ఎవడూ కాపీ కొట్టలేడు. అందుకే వింటేజ్ ర్యాలీ పెట్టుకున్నారు. కారు వచ్చింది, కారే తిరిగి పోవాలి. మధ్యలో తలుపు మారితే కస్టమ్స్ వాళ్లకు పట్టదు. డారియో శ్రీశైలం ఘాట్‌లో మైలురాయికి రాసి ఎడమ తలుపు కావాలనే చితక్కొట్టుకున్నాడు. ఆత్మకూరులో చౌడప్ప అని, వంట డేగిసాలు, ట్రాక్టర్ బానెట్లు కొట్టేవాడు. ఆ రేకు అతనికిచ్చి కొత్త తలుపు చేయిస్తున్నారు. కారు కడపలో కంటైనర్ ఎక్కేలోపు పట్టుకోవాలి. రుజువు లేకుండా ముట్టుకుంటే ఎంబసీ మన మీద పడుతుంది."

"చౌడప్పను వాళ్లకు చూపించిందెవరు?"

"శ్రీవాసవి. ర్యాలీ ఆర్గనైజర్. కడపలో వాళ్లది మూడు తరాల గిన్నెల అంగడి. మన మనిషే." కేశవయ్య గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ల మనిషి కూడా. ఒకే బండికి రెండు చోట్ల పాలసీ తీసుకున్న పార్టీ."

ఆ శ్రీవాసవి ఇప్పుడు వెనక తెల్ల ఎస్‌యూవీలో వస్తోంది. నల్ల కళ్లద్దాలు, తెల్ల లినెన్ సూటు, మెడలో ప్రొద్దుటూరు బంగారం. ఎటు చూసినా కెమెరా ఉన్నట్టు నడిచే మనిషి.

వెలుగోడు దాటాక డారియో ఒక టీ కొట్టు ముందు ఆపాడు. కారును ఎండలో వదిలి చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. అంతలోనే నలుగురు మూగారు.

"రెండు మూపురాలుండాయి చూడబ్బా. ఇదేం జాతి?"

"పాలిస్తాదేమో అడుగు ఆ సర్వేరప్పను."

"నీకంటే నయం లేరా, అరుస్తాది గానీ పని చేస్తాది."

తేజేశ్వర్ జేబులోంచి మీటర్ తీశాడు. పెన్నులాంటి ముక్కు, చిన్న తెర. సర్వేయర్లు రంగు మందం కొలిచేదిలాగే ఉంటుంది. రంగు కింద ఏ లోహం ఉందో చెబుతుంది. దొంగిలించిన రేకయితే రీడింగ్ మూడు దాటకూడదు. తలుపు మీద ముక్కు ఆనించాడు.

యాభై ఎనిమిది.

ఇంకో చోట. యాభై తొమ్మిది. మామూలు అల్యూమినియం. మీటర్ చెడిందేమో అనుకున్నాడు. చెడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

డారియో వచ్చి, యజమాని గుర్రాన్ని తట్టినట్టు, తలుపు మీద అరచేయి వేశాడు. మరుక్షణం చెయ్యి లాక్కున్నాడు. ఎర్రబడిన అరచేతిని చూసుకున్నాడు. ఆ తరవాత తలుపును చూశాడు, చాలాసేపు. మే నెల ఎండ మీటర్ కన్నా వేగంగా పనిచేసింది. వేడెక్కకూడని తలుపు వేడెక్కింది.

ఫోన్ మోగింది. కేశవయ్య. లైన్ మీద అంతా ఇన్సూరెన్స్ భాషే.

"క్లెయిమ్ ఏమయింది?"

"పార్ట్ ఒరిజినల్ కాదు సార్. లోకల్ మెటీరియల్."

"అయితే అసలుది రిపేరర్ దాచాడు. లేదా ఇంకో పార్టీకి అమ్మాడు. ఫైల్ అతని పేరు మీద వెయ్యి."

"అతనికి అదేమిటో కూడా తెలియదు సార్."

"తెలుసో లేదో కోర్టు చూసుకుంటుంది. పేరు రాయి."

డారియో అప్పటికే ఇంజన్ స్టార్ట్ చేశాడు. కారు నంద్యాల వైపు పోలేదు. గిరుక్కున తిరిగి ఆత్మకూరు వైపు దూకింది. తేజేశ్వర్ తలుపు మూసేంత సమయం కూడా ఇవ్వలేదు.

పేరు రాయడం ఎంత తేలికో అతనికి తెలుసు. పదకొండేళ్ల కింద రాయచోటిలో బసవరాజు అనే జిరాక్స్ షాపు మనిషి పేరు రాశాడు. ఎవరో తెచ్చిన కాయితాలు కాపీ తీసిచ్చాడు, అంతే అతని నేరం. నాలుగేళ్లు రిమాండ్‌లో ఉన్నాక నిర్దోషి అని వదిలారు. తేజేశ్వర్‌కు ప్రశంసా పత్రం వచ్చింది. ఒకసారి బస్టాండులో బసవరాజు ఎదురై, టైమెంతయిందని అడిగాడు. తేజేశ్వర్ చెప్పాడు. ఆ మనిషి థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. పేరు రాసినవాణ్ణి అతనెప్పుడూ చూడలేదు, ఎలా గుర్తుపడతాడు? అప్పటినుంచీ తేజేశ్వర్ చేతికి వాచీ పెట్టుకోవడం మానేశాడు. దాన్ని పశ్చాత్తాపం అనుకోవడం తనకు తానే గౌరవం ఇచ్చుకోవడం అనిపిస్తుంది. అది అలవాటు లేని చోట తగిలిన సొట్ట. ఎవరూ సాపు చెయ్యలేదు.

చికాలా కీచురాయిలా అరుస్తూ ఇరవై కిలోమీటర్లు పదకొండు నిమిషాల్లో మింగింది.

ఊరి చివర చౌడప్ప షెడ్డు ముందు డారియో దిగి పరుగులాంటి నడకతో లోపలికి పోయాడు. వెనకే శ్రీవాసవి. తేజేశ్వర్ రెండు పనులు చేశాడు. కేశవయ్యకు "టోటల్ లాస్" అని మెసేజ్ పెట్టాడు; పోలీసుల్ని పంపమని దాని అర్థం. తరవాత ఇంజన్ చల్లారాలన్నట్టు బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, బొటనవేలంత రోటర్ ఒకటి జేబులో వేసుకున్నాడు. అది లేకపోతే ఏ రేసు గెలిచిన కారైనా గుదిబండే.

లోపల చౌడప్ప స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా మసి. డారియో నడుము దగ్గర్నుంచి చిన్న పిస్టల్ తీసి అతని ఛాతీకి ఎదురుగా పట్టుకున్నాడు.

"నా రేకు ఎక్కడ? అడుగు!"

శ్రీవాసవి కళ్లద్దాలు తీసింది. "చౌడప్పా, ఆయనిచ్చిన రేకు యాడుండాదని అడుగుతాండాడు. తలుపు దాంతో చెయ్యలేదంట కదా?"

చౌడప్ప పిస్టల్‌ను చూశాడు, బయట ఉన్న కారును చూశాడు. "తలుపు మూసుకునేదాంట్లో ఏమన్నా తేడా ఉండాదా? ముందు అది చెప్పమను."

"అది కాదు. రేకు మార్చినావా?"

"మార్చినా. ఏం చేసుకుంటాడో చేసుకోమను."

"చౌడప్పా, చేతిలో తుపాకీ ఉండాది."

"కనపడతాండాదిలే. కాల్చమను. సచ్చినా ఆ రేకు ఈ కారుకు ఎయ్యను." అతను స్టూలు మీంచి లేచాడు. పిస్టల్ కూడా అతనితోపాటు పైకి లేచింది. "అది మాటినే రేకు కాదమ్మా. ఎంత కొట్టినా మళ్లా ఎనక్కి వస్తాండాది. మెత్తబడల్లని పైన సబ్బు పూసి కింద మంట పెట్టినా. సబ్బు నల్లబడితే రేకు మెత్తబడినట్టు లెక్క. మధ్యానం దాకా మంటేసినా సబ్బు తెల్లగనే ఉండాది. ఏం రేకది? ఈ కారు చేసినోడెవడో నాకు తెల్దు. వాని సుత్తి దెబ్బలు చూసినా. నాకన్నా శానా పనోడు. వాని పని పక్కన ఆ మొండి రేకు ఏసి, నా చెయ్యి ఇంతేనని నగుబాటు కావాల్నా?"

"మరి దేంతో చేసినావు?"

"పెండ్లిండ్ల డేగిసా కోసి చేసినా. నలభై ఏండ్లు మంట మీదుండిన రేకు. ఎన్నలాగా వంగింది. మీ అంగడిదే. మీ తాత ముద్ర గూడ ఉండె, సాపు చేసినా."

శ్రీవాసవి పెదవి చివర ఏదో కదిలి ఆగిపోయింది. ఇంగ్లీషులో చెప్పింది: "మీ రేకు బాగాలేదట. వంట గిన్నె వాడాడట."

డారియో ముఖంలో మొదటిసారి వయసు కనబడింది. "అయితే అది ఎక్కడ?"

"ఆ రేకేం చేసినావు?"

"మా ఆడదానికిచ్చినా. దాన్నే అడుగు."

పిలవకముందే గురమ్మ వచ్చింది. చేతులనిండా జొన్న పిండి. పిస్టల్‌ను ఆమె గమనించినట్టే లేదు, లేదా అలాంటివాటికి ఇయ్యాల తీరిక లేదనుకుంది.

"ఆ దరిద్రప్పు రేకా? పెనం చేసుకుంటానని పొయ్యి మీద పెట్టినా వాసవమ్మా. గంట మంటేసినా రొట్టె పచ్చిగనే ఉండాది! ఒక మోపు కట్టెలు బూడిదయిపాయ. రొట్టె కాల్చని పెనం నేను పుట్టినాక చూడలా. ఇంక దేనికి పనికొస్తాదని, నీళ్ల కుండల మీద నీడకు కప్పినా." గడ్డంతో వాకిట్లోకి చూపించింది. "ఎండలో గూడ కాలదు. నీళ్లు మాత్రం చల్లగుంటాయి."

వాకిట్లో నాలుగు గుంజల మీద తడి గోనెపట్టా, దాని మీద రాళ్లు, కింద మూడు కుండలు. గోనె అంచు కింద బూడిద రంగు రేకు వేలెడు కనిపిస్తోంది. తేజేశ్వర్ దాన్ని చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. కానీ డారియో గురమ్మ గడ్డం చూపిన వైపే చూస్తున్నాడు.

ఇక్కడ తెలుగు తెలిసినవాళ్లు నలుగురు, తెలియనివాడు ఒకడు. మధ్యలో ఒకే ఒక గొంతు. ఆ గొంతు ఎవరి వైపో ఇంతవరకూ ఎవరికీ తెలియదు, బహుశా ఆమెకు కూడా.

శ్రీవాసవి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని డారియోతో ఇంగ్లీషులో అంది.

"తుక్కువాడికి అమ్మేసిందట. పోయిన వారమే కరిగించేశారట." ఒక క్షణం ఆగింది. "ఎండనపడి వచ్చారు, ముందు నీళ్లు తాగండి అంటోంది."

డారియో పిస్టల్ దించాడు. ఓడిపోయిన మనిషికి దాహమొక్కటే మిగులుతుంది. వాకిట్లోకి వెళ్లి కుండల ముందు వంగాడు. వంగుతూ ఆసరాకు చెయ్యి చాపాడు, కాలిన చెయ్యే, గోనె అంచు కింద బయటికి వచ్చిన ఆ రేకు వైపు. దాన్ని తాకితే చాలు. పదిన్నర ఎండలో చల్లగా ఉన్న లోహం ఇంకేదీ ఉండదు.

జానెడు దూరంలో ఉన్న ఆ చేతిలో తేజేశ్వర్ చెంబు పెట్టాడు.

"రెండు చేతులా పట్టుకోండి సార్. నిండా ఉంది, నీళ్లు ఒలుకుతాయి."

డారియో రెండు చేతులా పట్టుకున్నాడు. గటగటా తాగాడు. "చల్లగా ఉన్నాయి," అన్నాడు, నెత్తి మీద జానెడెత్తున తన రహస్యాన్ని పెట్టుకుని.

"ఇంకో చెంబు తాగమను. పాపం, ఎర్రగా కందిపోయినాడు," అంది గురమ్మ.

అతను ఇంకో చెంబు తాగలేదు. ఎవరికీ చెప్పకుండా కారెక్కి స్టార్టర్ నొక్కాడు. చికాలా దగ్గింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ దగ్గింది. ఐదోసారి నొక్కుతుండగా పోలీసు జీపు గేటుకు అడ్డంగా ఆగింది. డారియో స్టీరింగ్ మీద తల ఆనించాడు. తరవాత పిస్టల్ సీటు మీద పెట్టి దిగాడు. దిగి, ఎడమ తలుపును నెమ్మదిగా తోశాడు. అది ఒక్క తోపుకే మూసుకుంది.

"ముసలాయనకు చెప్పు," అన్నాడు శ్రీవాసవితో. "మా నాన్న పనివాళ్లు కూడా దీన్ని ఇంత బాగా కుదర్చలేదు."

ఆమె చెప్పింది. ఈసారి ఒక్క మాట మార్చలేదు.

"నాకు తెల్దా?" అన్నాడు చౌడప్ప.

ఎస్సై డారియోను జీపు దగ్గరికి తీసుకుపోయి బూట్లతో సహా సోదా చేస్తున్నాడు. తేజేశ్వర్ వాకిట్లో నిలబడ్డాడు. ఫోన్ మోగింది.

"రికవరీ అయిందా?"

"కనబడింది సార్."

"ఎక్కడ?"

తేజేశ్వర్ చూపు కుండల మీది గోనె వైపు పోయింది.

"రిపేరర్ ఇంట్లోనా? అయితే రిపేరర్ కూడా పార్టీనే. పేరు రాసి ఎస్సైకి ఇవ్వు. ఈ ఒక్కసారికి ఆలోచించకు."

ఫోన్ పెట్టేశాక పక్కనుంచి శ్రీవాసవి అంది, "పదేండ్లు పడతాది అతనికి." తేజేశ్వర్‌తో ఆమె కడప యాసలో మాట్లాడటం ఇదే మొదటిసారి. "నేనే చూపించినా ఆయన్ని వాళ్లకు. మా తాత కాలం నుంచీ మా గిన్నెలన్నీ ఆయనే కొడతాడని."

"మీరెందుకలా చెప్పారు డారియోకు? మీరు ఎవరి మనిషి?"

"ఇయ్యాల పొద్దున దాకా నాకూ తెల్దు." కళ్లద్దాల వెనక ఏముందో కనబడలేదు. "మీకు తెలుసా, మీరెవరి మనిషో?"

తేజేశ్వర్ ఆలోచించాడు. ఆలోచన ఎప్పటిలా చుట్లు తిరగలేదు. ఎదురుగా ఉన్న ముసలాయన తుపాకీ ముందు లేచి నిలబడ్డాడు, దేశం కోసం కాదు, తలుపు కోసం. పనిని అవమానించనన్నాడు, అంతే. తన పని ఏమిటి? పేర్లు రాయడమా?

అతను గోనెపట్టా మీది రాళ్లు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. గోనె ఎత్తాడు. మసి, పొడి జొన్న పిండి మరకలు అంటిన రేకు, మండుటెండలో మంచులా చల్లగా ఉంది. అనుకున్నదానికంటే తేలిక.

"ఏమప్పా సర్వేరూ!" గురమ్మ కేకేసింది. "యాడికి తీసుకపోతాండావు? నా కుండలకు నీడ ఎవరిస్తారు? మీ ఆఫీసోల్లా?"

"పంపిస్తాను అవ్వా. రొట్టె కాలే రేకే పంపిస్తాను."

అతను వాకిలి దాటి చికాలా దగ్గరికి నడిచాడు. రిపోర్టులో "స్వాధీనం చేసుకున్న చోటు" అనే గడి ఒకటుంటుంది. అందులో ఇరవై రెండేళ్లుగా చాలా అబద్ధాలు రాశాడు. ఈసారి మాత్రం అందులో రాయబోయే 'డారియో కారులో' అన్న మాటను ముందుగా నిజం చెయ్యాలనిపించింది. ఎస్సై ఇటు తిరగకముందే రేకును సీట్ల వెనక నిలువుగా దూర్చి, ఎడమ తలుపు మూశాడు.